మా గాయానికి మీ కొలబద్ద

ట్రామా అనే మాట ఇవాళ పట్నంలో అందరి నోళ్లలోనూ నానుతోంది. పరీక్ష పోతే ట్రామా, ప్రేమ పోతే ట్రామా, సెల్‌ఫోన్ పోతే ట్రామా. మాలపల్లెలో, మాదిగ్గూడెంలో జరిగేదానికి మాత్రం ఆ మాట వాడ్డానికి ఎవరికీ నోరు రాదు. మా వాటికి వేరే పేర్లున్నాయి. గొడవ అంటారు. ఘర్షణ అంటారు. ఇరువర్గాల మధ్య ఉద్రిక్తత అంటారు. తల పగిలింది ఒక వర్గానికే అయినా పేపర్లో మాత్రం ఇరువర్గాలే. పోలీసు పికెట్ పెట్టి, నాయకులొచ్చి, బియ్యం మూటలిచ్చి పోయాక ఆ మనిషి రాత్రుళ్లు ఎందుకు ఉలిక్కిపడి లేస్తన్నాడో అడిగే నాథుడుండడు.

నేను సైకాలజీ చదివాను. పదకొండేళ్లుగా కౌన్సెలింగ్ పని చేస్తన్నా. మా అయ్య చెప్పులు కుట్టిన చేతులతోనే నన్ను చదివించాడు, అది వేరే కథ, ఇక్కడ దానితో పని లేదు. పని ఉన్నది కన్సల్టేషన్ అనే తతంగంతో. ఈ మాట మనవాళ్లలో చాలామందికి తెలీదు గనక కొంచెం విప్పి చెప్తాను.

మానసిక గాయాలకు చేసే వైద్యాల్లో ఇ.ఎం.డి.ఆర్. అని ఒక పద్ధతుంది. 1987లో ఫ్రాన్సిన్ షాపిరో అనే అమెరికా ఆవిడ పార్కులో నడుస్తా ఉంటే, తన్ను కలతపెట్టే ఆలోచనలు కళ్లు అటూ ఇటూ కదిలినప్పుడు పలచబడటం గమనించింది. 1989లో దానిమీద తన మొదటి పరిశోధన అచ్చేసింది. వియత్నాం యుద్ధానికి పోయొచ్చిన సిపాయిలూ, అత్యాచారానికి గురైన ఆడవాళ్లూ ఆమె దగ్గరికి మొదట వచ్చినవాళ్లు. కొన్ని అనుభవాలు మనసులో అరగని కూడులా అట్టే నిలిచిపోతాయి, కళ్లు కదిలిస్తూనో, రెండు చేతులమీద మార్చి మార్చి తడుతూనో ఆ జ్ఞాపకాన్ని తల్చుకుంటే అది నెమ్మదిగా అరుగుతుంది అని ఈ పద్ధతి అంటుంది. కళ్లు కదపడం వల్లే తగ్గుతుందా, కదపకపోయినా తగ్గుతుందా అని పండితులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు. వాదించుకోనివ్వండి. 2013లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని గాయపడ్డవాళ్లకు చేయదగ్గ వైద్యాల్లో ఒకటిగా చేర్చింది. నా చేతుల మీదుగా నేను చూశాను, పని చేస్తుంది. నా తగాదా పద్ధతితో కాదు.

ఈ పద్ధతి నేర్చుకునేవాళ్లు క్లాసులు వింటే చాలదు. నేర్చుకుంటూ తాము చూసిన కేసుల్ని ఒక పెద్ద థెరపిస్టు ముందు పెట్టి తప్పొప్పులు దిద్దించుకోవాలి. దాన్నే కన్సల్టేషన్ అంటారు. అమెరికా సంఘం లెక్కలో మొదటి శిక్షణకే 10 గంటలు, ఆ తర్వాత సర్టిఫికెట్ కావాలంటే ఇంకో 20 గంటలు. ఈ ఏర్పాటు మంచిదే. ఒకరి మనసులో చెయ్యి పెట్టేవాడి చేతిని ఇంకొకరు చూస్తుండాలి. కానీ చూసేవాళ్లెవరు? ఏ కళ్లతో చూస్తారు? ఆ కళ్లకు ఏది కనపడుతుంది, ఏది కనపడదు? ఈ ప్రశ్న ఎవరూ అడగరు. గంటకి 2,500 రూపాయలు కట్టి ఆ ప్రశ్న మింగి కూర్చోవాలి.

నా కన్సల్టెంట్ పేరు చెప్పను. పేరుతో పని లేదు, అలాంటివాళ్లు ఆమె ఒక్కతే కాదు. పెద్ద కులం, పెద్ద పట్నం, పెద్ద మనసు కూడా అని అందరూ అంటారు. కంప్యూటర్ తెరమీద ఆరుగురం కూర్చుంటాం. ఆరుగురిలో అయిదుగురికి తెలుగొచ్చు. మాట్లాడేది మాత్రం ఇంగ్లీషు. క్లయింట్ తెలుగులో ఏడ్చిన ఏడుపుని నేను ఇంగ్లీషులోకి మార్చి చెప్పాలి. మార్చేలోపే సగం ఇంకిపోతుంది. 'నా మొకాన ఉమ్మూసినట్టయింది' అన్న మాటని ఇంగ్లీషులో 'అవమానంగా అనిపించింది' అని చెప్తే ఆమె తలూపి రాసుకుంటుంది. ఉమ్మి ఏమైంది?

కేసు చెప్పడానికి ఒక కాగితం ఉంటుంది. వయసు, ఆడా మగా, పెళ్లయిందా, చదువు, ఉద్యోగం, ఎప్పటినుంచి బాధ, ఏ మందులు వాడుతున్నారు. అందులో అన్నింటికీ గడులున్నాయి. కులానికి లేదు. ఎందుకు లేదంటే, 'మేం కులం చూడం' అంటారు. ఎక్స్‌రే తీసేవాడు మేం ఎముకలు చూడం అన్నట్టుంటుంది.

ఒక అక్క గురించి చెప్తాను. ఊరూ, పనీ, బంధుత్వాలూ మార్చి రాస్తున్నా. రాయమని చెప్పింది ఆవిడే. డెల్టాలో ఒక పల్లె. ఆవిడ తమ్ముడు పండగనాడు పెద్ద బజారులో మోటారు సైకిల్ మీద పోయాడు, దిగి నడిపించుకోని పోలేదు. రచ్చబండ కాడ స్తంభానికి కట్టేసి కొట్టారు. ఈవిడ పరిగెత్తుకోని పోయి కాళ్లమీద పడితే జుట్టు పట్టుకోని కులం పేరుతో తిట్టి, తమ్ముణ్ణి కొడుతుంటే చూడమని తల ఎత్తి పట్టుకున్నారు. ఆ కుర్రాడికి ఒక కన్ను పోయింది. అట్రాసిటీ కేసు పెట్టారు. నిందితులు బెయిలు మీద ఊళ్లోనే ఉన్నారు. ఊళ్లో వీళ్లకి పని బంద్. ఆవిడ తెల్లారగట్ల పక్కూరికి కూలికి పోతుంది. ఆ దారిలోనే నిందితుల్లో ఒకడు బుల్లెట్ బండేసుకోని పాల కేంద్రానికి వస్తాడు. ఆ బండి సప్పుడు వింటే ఆవిడకి కాళ్లు చల్లబడతాయి, గుండె దడ పుడుతుంది, ఒకోసారి అక్కడే కూలబడుతుంది. నిద్ర లేదు.

ఈ కేసు కన్సల్టేషన్‌లో పెట్టాను. మేడమ్ శ్రద్ధగానే విన్నది. విని అన్నమాట ఇది: "క్లయింట్ ప్రమాదాన్ని ఎక్కువ ఊహించుకుంటోంది. గతాన్నీ వర్తమానాన్నీ కలిపేస్తోంది. ఇప్పుడు తను క్షేమంగా ఉన్నానని ఆమెకి తెలియాలి."

"మేడమ్, ఆ బుల్లెట్టు నిజం బుల్లెట్టు. రోజూ అయిదింటికి వస్తది" అన్నాను.

"బండి నిజమే. భయం పాతది" అన్నది.

వినడానికి ఎంత బాగుందో చూడండి. భయం పాతదట. కొట్టినవాడు ఊళ్లో, కొట్టించినవాడు ఊళ్లో, కన్ను పోయినవాడు ఇంట్లో, కేసు కోర్టులో. ఇందులో పాతబడింది ఏంటి? మిలటరీవాడు యుద్ధం నుంచి ఇంటికొస్తాడు. ఇంటికొచ్చాక కూడా బాంబుల సప్పుడు వినపడుతుంటే అది జబ్బు. మాది ఇంటికొచ్చిన యుద్ధం కాదు, ఇంటిముందే ఉన్న యుద్ధం. 1980లో అమెరికా సైకియాట్రీవాళ్లు ఈ జబ్బుకి పేరుపెట్టి పుస్తకంలో ఎక్కించినప్పుడు 'పోస్ట్' అనే ముక్క ముందు తగిలించారు, అంటే 'అయిపోయిన తర్వాత' అని. ఎవరికి అయిపోయింది? మాకెప్పుడు అయిపోయింది?

ఇంకో సంగతి. అదే పుస్తకం 2013లో వచ్చిన అయిదో కూర్పు ప్రకారం, చావో, చావు భయమో, పెద్ద దెబ్బో, లైంగిక హింసో ఉంటేనే ట్రామా లెక్కలోకి వస్తుంది. బడిలో అందరికీ దూరంగా కూర్చోబెట్టడం, హోటల్లో వేరే గ్లాసు, క్లాసులో 'కోటా సీటు' అని నవ్వడం, ఇవి ఆ లెక్కలోకి రావు. 1901లో అంబేడ్కర్ చిన్నపిల్లవాడిగా తండ్రి దగ్గరికి కోరేగావ్ పోతూ మసూర్ స్టేషన్లో దిగాడు. మహర్లని తెలిసిన నిమిషం నుంచీ స్టేషన్ మాస్టరు మొహం మారింది, బండివాడు దొరకలేదు, దొరికాక దారిపొడుగునా మంచినీళ్లు దొరకలేదు. ఆయన్ని ఎవరూ కొట్టలేదు, చంపుతామనలేదు. ఇన్ని డిగ్రీలు చదివి, ఇన్ని దేశాలు తిరిగి వచ్చాక కూడా ఆ ప్రయాణాన్ని మర్చిపోలేక కూర్చుని రాసుకున్నాడు. ఆ పుస్తకం లెక్కలో అది గాయం కాదు. పోనీ, ఏమంటారో చెప్పండి.

మళ్లీ అక్క దగ్గరికి వస్తా. ఈ వైద్యంలో మొదట క్లయింట్‌కి 'సురక్షిత స్థలం' ఒకటి ఊహించుకోమని చెప్పాలి. బాధ ఎక్కువైనప్పుడు మనసుని అక్కడికి తీసుకుపోయి చల్లబరచాలి. మాకిచ్చిన కాగితంలో ఉదాహరణలున్నాయి: సముద్రపు ఒడ్డు, పూలతోట, గుడి, మీ ఇంటి పూజగది. నేను ఆ కాగితం పక్కన పెట్టి, "అక్కా, నీకు భయం లేకుండా ఉండేది యాడ?" అని అడిగాను. చాలాసేపు ఆలోచించింది. ఇల్లు అనలేదు, ఆ రోజు తలుపు తన్నిన ఇల్లే అది. పొలం అనలేదు. చర్చి అంటుందేమో అనుకున్నా, అనలేదు.

"రైల్లో" అన్నది.

"రైల్లోనా?"

"ఆ. రేపల్లె ప్యాసింజర్లో. కిటికీ పక్కన కూకుంటే ఎవురికీ మనం ఎవురమో తెలవదు గదమ్మాయ్. ఒకామె జాంకాయ కోసి సగం ఇచ్చింది ఒకపాలి."

కన్సల్టేషన్‌లో చెప్పాను. మేడమ్ ఒప్పుకోలేదు. రైలు కదిలేది, రద్దీగా ఉండేది, కొత్తవాళ్లుండేది, స్థిరమైన చోటు కాదు కాబట్టి వేరేది ఎంచుకోమని చెప్పమంది. ఈ దేశంలో కొత్తవాళ్ల మధ్య మాత్రమే క్షేమంగా ఉండే మనుషులుంటారని ఆమెకి ఊహకి కూడా రాలేదు. రాదు. ఆమెకి తెలిసినవాళ్ల మధ్యే క్షేమం. మాకు తెలిసినవాళ్లే ప్రమాదం. నేను రైలే ఉంచాను. మసూర్ స్టేషన్లో అంబేడ్కర్‌కి కష్టం మొదలైంది కూడా రైలు దిగాకే.

తర్వాత అంకెలు. బాధ ఎంతుందో 0 నుంచి 10 దాకా చెప్పమంటాం. అక్క నవ్వింది. "పదీ సున్నా నీ లెక్కమ్మాయ్. నేను మోపుల్లో చెప్తా" అన్నది. పొద్దున్న నాలుగు మోపులు, ఇప్పుడు రెండు మోపులు. నెత్తిన గడ్డి మోపు మోసిన మెడకి ఆ లెక్క పదో వంతు తేడా లేకుండా తెలుసు. నా పుస్తకంలో రెండు లెక్కలూ రాసుకున్నా. వైద్యం పూర్తయిందనడానికి అంకె సున్నాకి రావాలి. మేడమ్ అదే పట్టు. కానీ ఈ పద్ధతి కనిపెట్టిన షాపిరోనే అన్నది: మనిషి బతుకుతున్న పరిస్థితికి తగ్గ బాధ కొంచెం మిగిలితే అది సహజమే, సున్నా కావాలని పట్టుబట్టొద్దు అని. ఈ సంగతి నేను ఎత్తితే మేడమ్ మొహం చిట్లించింది. పుస్తకం రాసినామె కంటే పుస్తకం చదివినామెకు పట్టుదలెక్కువ.

గాయం గురించి క్లయింట్ తనమీద తాను పెట్టుకున్న చెడ్డ నమ్మకమేంటో కూడా రాయాలి. దానికీ ఒక జాబితా ఉంది. 'నేను పనికిరానిదాన్ని', 'తప్పు నాదే', 'నేను బలహీనురాల్ని' ఇలా. అక్క అన్నది: "మేం మాదిగోళ్లం గదా." అంతే. మేడమ్ అన్నది, ఇది నమ్మకం కాదు, సమాచారం, దీని కిందున్న నమ్మకాన్ని తవ్వు అని. తవ్వడానికేముంది? ఆ మూడు మాటల్లోనే ఊరంతా ఉంది. ఆ నమ్మకం ఆవిడ బుర్రలో పుట్టింది కాదు, ఊరు ఆవిడ బుర్రలో పెట్టింది. దాన్ని 'తప్పుడు ఆలోచన' అని రాసి, దానికి ఎదురుగా 'నేను విలువైనదాన్ని' అని ఆవిడచేత అనిపించి, ఒకటి నుంచి ఏడు దాకా మార్కులు వేయించి పంపిస్తే, రచ్చబండ కాడున్నోళ్ల ఆలోచన ఎవరు దిద్దుతారు? వాళ్లకి ఏ జాబితా ఉంది?

నేను గట్టిగా మాట్లాడినందుకు నాకొచ్చిన బిరుదు కౌంటర్ ట్రాన్స్‌ఫరెన్స్. అంటే థెరపిస్టు తన సొంత గాయాన్ని క్లయింట్ మీద రుద్దుతుందని. "నువ్వు కూడా ఆ నేపథ్యం నుంచే కదా, ముందు నీ మీద నువ్వు పని చేసుకో" అని చాలా మెత్తగా చెప్పింది. క్లయింట్‌ని అక్కా అని పిలవడం కూడా హద్దు దాటడమేనట.

సరే. అంతకు రెండు వారాల ముందు అదే గుంపులో ఇంకో ట్రైనీ ఒక కేసు పెట్టింది. పెద్ద కులం కుర్రాడు, మెడికల్ సీటు రాలేదు, రిజర్వేషన్ల వల్లే పోయిందని కుమిలిపోతున్నాడు. అది చెప్పేటప్పుడు ట్రైనీ కళ్లలో నీళ్లు. గుంపంతా తలలూపింది. మేడమ్ "పాపం, ఎంత అన్యాయం అనిపించి ఉంటుంది" అన్నది. ఆరోజు ఎవరికీ కౌంటర్ ట్రాన్స్‌ఫరెన్స్ గుర్తు రాలేదు. 'బండి నిజమే, భయం పాతది' లాంటి మాట ఒక్కటి కూడా రాలేదు. సీటు పోయినవాడి కులం గాలిలాంటిది, పీల్చుకుంటారు గానీ చూడరు. మా కులం మాత్రం పొగ. నేను నోరు తెరిస్తే చాలు గదంతా పొగ నిండిందని దగ్గుతారు. తన కులం మోసుకోని రాకుండా థెరపిస్టు కుర్చీలో కూర్చున్నవాడు ఈ దేశంలో ఒక్కడున్నాడా? ఉంటే చూపించండి, కాళ్లు కడుగుతా.

ఇదంతా ఒక ఎత్తు. అసలు ప్రాణమ్మీదికి వచ్చింది కోర్టు సంగతి.

అక్క ఆ కేసులో ముఖ్యమైన సాక్షి. మెజిస్ట్రేటు ముందు వాంగ్మూలం అయింది, కోర్టులో సాక్ష్యం ఇంకా చెప్పలేదు. ఇ.ఎం.డి.ఆర్. చేస్తే జ్ఞాపకం చెరిగిపోదు గానీ, బొమ్మ మసకబారొచ్చు, దూరం జరగొచ్చు, ఒంట్లోంచి వణుకు పోవచ్చు. వైద్యానికి అదే కావాలి. కోర్టుకి? ఎదుటి ప్లీడరు 'ఎవరి చేతిలో కర్ర ఉంది, ఎవరు జుట్టు పట్టుకున్నారు, ఎడమ చేత్తోనా కుడి చేత్తోనా' అని అడుగుతాడు. కొంచెం తడబడితే అబద్ధం అంటాడు. తడబడకుండా వణక్కుండా చెప్తే నేర్పించారంటాడు. వైద్యం చేయించుకుందని తెలిస్తే, థెరపిస్టే జ్ఞాపకం నూరిపోసిందంటాడు. క్లయింట్ కోర్టు కేసులో ఉంటే ఈ సంగతి ముందే విప్పి చెప్పి, ఒప్పుకున్నాకే మొదలుపెట్టమని షాపిరో తన పుస్తకంలోనే హెచ్చరించింది. మేడమ్ని అడిగితే, "కేసు సంగతి లాయర్లు చూసుకుంటారు, మనం బాధ తగ్గించాలి, మొదట గతాన్ని ప్రాసెస్ చేసెయ్" అన్నది. లాయర్ని అడిగితే, "క్రాస్ ఎగ్జామినేషన్ అయిందాకా ఆమె బుర్రని ముట్టుకోవద్దు తల్లీ" అన్నాడు.

ఎప్పుడవుతుంది ఆ క్రాస్? 1989 చట్టాన్ని 2015లో సవరించినప్పుడు, ఛార్జిషీటు వేసిన 2 నెలల్లో వీలైనంతవరకు విచారణ ముగించాలని రాశారు. కాగితమ్మీద ముచ్చటగా ఉంది. చుండూరు ఏమైంది? 1991 ఆగస్టు 6న 8 మందిని చంపారు. ప్రత్యేక కోర్టు తీర్పు వచ్చింది 2007 జులై 31న. 16 ఏళ్లు. 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది శిక్ష వేస్తే, 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందర్నీ వదిలేసింది. కారంచేడు 1985 జులై 17న జరిగితే సుప్రీంకోర్టు చివరి మాట చెప్పింది 2008లో. ఇన్నేళ్లూ సాక్షులు ఏం చేయాలి? గాయం పచ్చిగా ఉంచుకోవాలి. మానితే కేసు పోతుంది. పాలిచ్చే గొడ్డుని ఎండబెట్టకుండా కాపాడినట్టు తమ బాధని తాము కాపాడుకోవాలి, వాయిదా వాయిదాకి తీసి చూపించాలి. ఏ దేశపు థెరపీ పుస్తకంలో ఉంది ఇది? నేర్పేవాళ్లలో ఎవరికి తెలుసు? శిక్షణ మొత్తంలో ఈ చట్టం పేరు ఒక్కసారి వినపడలేదు.

నేను ఆ రెండు మాటలూ, మేడమ్ మాటా లాయరు మాటా, అక్క ముందు పెట్టాను. దాచలేదు. రెండ్రోజులు ఆలోచించుకోని వచ్చింది.

"సాక్ష్యం చెప్పిందాకా ఆ రోజు జోలికి పోవద్దమ్మాయ్. నా తమ్ముడి కన్ను నా నోట్లో ఉంది. ఆ బుల్లెట్టు సప్పుడుకి కాళ్లు పడిపోకుండా ఏదన్నా చెయ్యి. కూలికి పోవాల."

అదే చేశాం. ఆ రోజుని ముట్టుకోలేదు. దారిలో వినపడే సప్పుడు, దానికి ఒళ్లు ఎట్లా చల్లబడుతుందో, అంతవరకే పట్టుకున్నాం. మధ్యమధ్య రేపల్లె ప్యాసింజరు. రెండు చేతులూ రొమ్ముమీద అడ్డంగా పెట్టుకోని మార్చి మార్చి తట్టుకోవడం నేర్పాను. 1997లో మెక్సికోలో తుఫాను వచ్చి అకపుల్కో ఊరు కొట్టుకపోయినప్పుడు, బతికిన పిల్లలకోసం లూసినా ఆర్తిగాస్ అనే ఆవిడ తయారుచేసిన పద్ధతి అది. సీతాకోకచిలక కౌగిలి అంటారు. ఎవరూ ముట్టుకోనక్కర్లేదు, తన్ను తానే తట్టుకోవచ్చు. మూడు నెలలకి అక్క దారిలో కూలబడటం ఆగింది. రాత్రి నాలుగ్గంటలు నిద్రపోతంది. బండి వస్తే పక్కకి జరిగి నిలబడుతుంది, జాగ్రత్తగానే ఉంటుంది. ఉండాలి కూడా. ఒకటిన్నర మోపు మిగిలిందంది.

మేడమ్ లెక్కలో అది అసంపూర్తి కేసు. ముందు గతం, తర్వాత వర్తమానం, ఆ తర్వాత భవిష్యత్తు, వరస తప్పింది, అంకె సున్నాకి రాలేదు, కాబట్టి నా గంటల్లో కలపనంది. నా సర్టిఫికెట్ ఆగింది. ఆగనీ.

ఇప్పుడు మనవాళ్లతో రెండు మాటలు. ఎందుకంటే ఈ పుస్తకం చదివేది మేడమ్ కాదు, మీరు. కౌన్సెలింగ్ అంటే మన సంఘాల్లో ఒక వెక్కిరింత ఉంది. అది మధ్యతరగతి వేషమని, ఉద్యమమే మందని, గాయాన్ని మాన్పితే కోపం చల్లారుతుందని. మొన్న ఒక కుర్రాడు నా మొహం మీదే అన్నాడు, "మీరు మా జనాన్ని సర్దుకోమని చెప్పే పని చేస్తన్నారక్కా" అని. అతని భయంలో నిజం లేకపోలేదు. 2016 జనవరి 17న రోహిత్ వేముల పోయాక, ఆ వాదనలు గుర్తున్నాయి కదా. స్కాలర్‌షిప్ ఆపి, హాస్టల్లోంచి వెళ్లగొట్టి, వెలివేసిన సంగతి పక్కన పెట్టి, డిప్రెషన్ అనే ఒక్క మాట కింద అన్నీ కప్పెట్టాలని చూశారు. నేరాన్ని జబ్బుగా మార్చడం వాళ్లకి బాగా తెలుసు. అందుకే ఆ పని మన చేతుల్లో ఉండాలంటున్నా. ఫానన్ ఏం చేశాడు? అల్జీరియాలో బ్లీడా ఆస్పత్రిలో 1953 నుంచి సైకియాట్రిస్టుగా ఉండి, చిత్రహింసలు పడ్డవాళ్లకీ, పెట్టిన పోలీసులకీ కూడా వైద్యం చేశాడు. 1956లో రాజీనామా చేసి విముక్తి పోరాటంలోకి పోయాడు. పోయాక కూడా రోగుల్ని చూడటం మానలేదు. పోరాటం వచ్చింది కదా నిద్రమాత్రలు దేనికి అనలేదు.

మనం ఏం చేశాం? దాడి జరిగిన ప్రతి ఊరికీ నిజనిర్ధారణ కమిటీలేసుకోని పోయాం. పోవాల్సిందే. కానీ ఒక్కో కమిటీ అదే ఆడమనిషిని కూర్చోబెట్టి మళ్లీ మొదట్నుంచీ చెప్పించింది. పోలీసుకి ఒకసారి, డాక్టరుకి ఒకసారి, మెజిస్ట్రేటుకి ఒకసారి, పేపరోళ్లకి, టీవీవాళ్లకి, పార్టీలకి, సంఘాలకి, మనకి. చెప్పిన ప్రతిసారీ ఆమె ఆ రోజుకి పోయొచ్చింది. రిపోర్టు రాసుకోని మనం బస్సెక్కాం. ఆ రాత్రి ఆమె పక్కన ఎవరు పడుకున్నారు? ఈ ఇ.ఎం.డి.ఆర్.లో నాకు నచ్చిన గుణం ఇదే, జరిగింది వివరంగా నోటితో చెప్పనక్కర్లేదు. మనసులో తల్చుకుంటే చాలు, థెరపిస్టుకి కూడా చెప్పనక్కర్లేదు. నలభైమందికి చెప్పి చెప్పి మాట పోయిన మనిషికి, చెప్పకుండా నయమయ్యే దారి ఒకటుందంటే అది మధ్యతరగతి వేషమా? సభలో గంటసేపు మాట్లాడి, ఇంటికొచ్చి గోడకి తల కొట్టుకునే కార్యకర్తల్ని నేను చూశాను. వాళ్ల భార్యల్నీ చూశాను. వాళ్లకి మీరు ఏ పాట పాడతారు?

కాబట్టి అడగాల్సింది అడుగుదాం. 2017 మానసిక ఆరోగ్య చట్టం, కులం పేరుతో వివక్ష లేకుండా వైద్యం అందాలని 18వ సెక్షన్లో రాసింది. వివక్ష లేకపోవడమంటే కులం మాట ఎత్తకపోవడం కాదు. అట్రాసిటీ కేసుల్లో సాయం అంటే చెక్కు ఒకటేనా? బాధితులకి తెలుగు వచ్చిన, ఈ చట్టం తెలిసిన థెరపిస్టుని ప్రభుత్వం ఖర్చుతో ఎందుకివ్వరు? సాక్ష్యం తొందరగా నమోదు చేస్తే వైద్యానికి అడ్డు పోతుంది కదా, ఆ పని ఎందుకు చెయ్యరు? ఇక శిక్షణ ఇచ్చేవాళ్లని అడిగేది: మీ కన్సల్టెంట్ల జాబితాలో మా వాళ్లెందరు? వేలకి వేలు కడితే తప్ప ఎక్కనివ్వని మెట్లు కట్టి, పైన దళితులు లేరేంటి అని ఆశ్చర్యపోవద్దు. కన్సల్టెంట్ కావాలంటే వందల గంటలు కావాలి, గంటకి డబ్బు కావాలి, డబ్బున్నోడికి గంటలు, గంటలున్నోడికి కుర్చీ. బావి వాళ్లదైనప్పుడు చేద కూడా వాళ్లదే.

మేం కొందరం గుంటూరులో కలవడం మొదలుపెట్టాం. ఇద్దరు మాల, ముగ్గురు మాదిగ, ఒక ముస్లిం అమ్మాయి, ఒక ఎరుకల కుర్రాడు. అందరం ఈ పద్ధతో ఇంకో పద్ధతో నేర్చుకుంటున్నవాళ్లమే. నెలకో ఆదివారం, ఒక హాస్టల్ గదిలో, ఫీజు లేదు, టీ ఖర్చు వంతులు. కేసులు తెలుగులో చెప్పుకుంటాం, క్లయింట్ అన్న మాట అన్నట్టే చెప్పాలన్నది షరతు. మాలో మాకే తగువులున్నాయి. మాల థెరపిస్టు మాదిగ క్లయింట్ గురించి చెప్తున్నప్పుడు నేనూరుకోను, నన్ను ఎరుకల కుర్రాడు ఊరుకోనివ్వడు. కొట్టుకుంటాం, మళ్లీ పని చేస్తాం. ఏ సంఘమూ ఈ గంటల్ని లెక్కలోకి తీసుకోదు, తెలుసు. అందుకే ఒక నోటుబుక్కులో తారీఖులు, సంతకాలతో సహా రాసి పెడుతున్నాం, ఒకనాడు ఎదురుగా పెట్టి అడగడానికి. కేసు కాగితం మేమే తయారుచేసుకున్నాం. అందులో కులానికి గడి ఉంది. దాంట్లో ఏం రాయాలో, అసలు రాయాలో వద్దో క్లయింటే చెప్తారు. దాని పక్కన ఇంకో గడి ఉంది, అది థెరపిస్టు కులం. అది మాత్రం ఖాళీగా వదలడానికి వీల్లేదు.

అక్కకి సమన్లు వచ్చాయి. వచ్చే నెల సాక్ష్యం. కోర్టుకి రేపల్లె ప్యాసింజర్లోనే పోతానంది, నన్ను తోడు రమ్మంది.